పదకొండు వేల ఊఁలు

ఊఁ కొట్టడంలో ఎన్ని రకాలున్నాయో భీమిలి జాలరివీధిలో గరికిన పోలమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇంకాస్త కూర వెయ్యనా అంటే వచ్చే ఊఁ వేరు, వేసిన కూర బాగాలేదని కంచం మీంచి చూపు ఎత్తకుండా అనే ఊఁ వేరు. అటకెక్కబోయే పిల్లాణ్ని నిచ్చెన మీదే నిలబెట్టేసే ఊఁ ఒకటి. పెళ్లికొడుకు నచ్చలేదని పెద్దల ముందు చెప్పలేక ఆడపిల్ల నీళ్లు నమిలినట్టు అనే ఊఁ ఇంకొకటి. ఇక కథ వినేవాళ్లు కొట్టే ఊఁ ఉంది చూశారూ, దానికి అవునని లేదు, కాదని లేదు. మెలకువగానే ఉన్నాను, నువ్వు చెప్పు. అంతే దాని అర్థం.

పోలమ్మ రెండో తరగతితో బడి మానేసింది గానీ, వల అల్లుతున్నా, నెత్తళ్ల చేపలు ఎండబెడుతున్నా నోట్లో కథ నడుస్తూనే ఉండేది. చుట్టూ వీధి పిల్లలు. ఎవరి ఊఁ ఆగితే వాళ్లు పడుకున్నట్టు లెక్క. అందరి ఊఁలూ ఆగాక కథని ఎక్కడికక్కడ వదిలేసి, మిగిలింది రేపు చెప్పేది. యాభై ఏళ్లు అలాగే గడిపింది. ఆ ఉత్త శబ్దం ఒకనాడు యుద్ధాన్ని మోసుకొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ ఏడు సముద్రం అవతలి దేశంతో రెండు ఇసుకదిబ్బల గురించి తగువు ముదిరింది. ఆ దిబ్బల దగ్గర మన మరబోటు ఒకటి ఏడుగురు మనుషులతో సహా మాయమైంది. పక్కింటి దానమ్మ మొగుడు తాతారావు ఆ ఏడుగురిలో ఒకడు. అప్పట్నుంచి టీవీలో పొద్దు వాలితే చాలు, యుద్ధం యుద్ధం అని గోల.

"సబ్బుపెట్టె లాగుంది, ఇదేటే సుబాసీ?" అంది పోలమ్మ. కూతురు టీవీ పక్కన మేకు కొట్టి చిన్న తెల్లడబ్బా ఒకటి తగిలిస్తోంది.

"దీన్ని ఇంటిగొంతు అంటారమ్మా. తొమ్మిదేళ్ల నా చాకిరీ ఇదే."

సుభాషిణి భీమిలి బడిలో మొదలుపెట్టి, చదువుకుంటూ చదువుకుంటూ రుషికొండ మీది శబ్ద పరిశోధనశాల దాకా వెళ్లిపోయిన మనిషి. మాట్లాడేటప్పుడు కళ్లు పెద్దవవుతాయి. ఆ రోజు మరీ పెద్దవయ్యాయి.

"ఇంతకాలం యుద్ధం కావాలో వద్దో ఎవరు చెప్పారమ్మా? స్టూడియోలో కోటేసుకున్న పదిమంది. వాళ్లు అరిస్తే దేశం అరిచిందనేవారు. ఇక ఆ ఆటలు సాగవు. ఇంటింటి మాటా వినకుండా యుద్ధానికి వెళ్లకూడదని చట్టం వచ్చేసింది. టీవీలో యుద్ధం మీద చర్చ నడిచేటప్పుడు ఇది వింటుంది. మాటలేవీ దాచుకోదు. ఆ ఇల్లు అవునందో కాదందో, అదొక్కటే పంపిస్తుంది."

"అడిగితే సెప్పమా ఏటి? దొంగసాటుగా ఇనడమెందుకూ?"

"అడిగితే పక్కింటోళ్లు ఏమనుకుంటారోనని చూసుకుని చెప్తారు. అన్నం తింటూ అనుకునేదే నిజం. ప్రతి వంటింటినీ వింటే ఏ దేశమూ యుద్ధానికి వెళ్లదమ్మా. రాసిస్తాను."

'వద్దు' అనమంటే అంది పోలమ్మ. డబ్బా మీద ఎర్రదీపం వెలిగింది. 'అవును' అంటే పచ్చదీపం. 'ఊహూఁ' అంటే మళ్లీ ఎరుపు.

"బాగానే నేర్సిందే. ఎవులు నేర్పేరు దీనికి మన మాట?"

"నువ్వే నేర్పావు. తర్వాత చెప్తాలే, బస్సు వచ్చేసింది" అని నవ్వుకుంటూ పరుగెత్తింది సుభాషిణి.

చట్టం ప్రకారం రెండు లెక్కలు. మొదటి లెక్కలో సగానికి మించి ఇళ్లు అవునంటే యుద్ధనౌకలు దిబ్బల దాకా కదులుతాయి. మూడు రోజుల తర్వాత రెండో లెక్క. అందులోనూ అవునంటే కాల్పులు. పోలమ్మ కొడుకు ఎల్లాజీకి ఇరవై రెండేళ్లు, విశాఖలో నౌకాదళంలో నావికుడు. అందుకని ఆవిడకి ఇదంతా ఊరిమీది కబురు కాదు.

మొదటి లెక్క ఆదివారం సాయంత్రం. తెలుగు ఇళ్లకి ఆ చర్చ నడిపే పని 'తూర్పుకేక' చానల్‌కి దక్కింది. దాని యాంకరు చక్రధర్ గొంతెత్తితే అరుగు మీది కుక్క లేచి పోయేది. దానమ్మ కూడా పోలమ్మ ఇంటికే వచ్చి, గోడకి జేరబడి కూర్చుంది.

ముందుగా యుద్ధం వద్దనే కాలేజీ మాష్టారు ఒకాయన మాట్లాడాడు. మంచి మాటలే. కానీ కాగితం చూసి, ఊపిరి తీసుకోకుండా, ఒక వాక్యం తోక పట్టుకుని ఇంకో వాక్యం లాగుతూ చదివేశాడు. ఎక్కడా ఆగలేదు. వినేవాళ్లకి నోరు మెదిపే సందు లేదు.

అప్పుడు చక్రధర్ వంతు. ఆ రోజు ఆయన అరవలేదు. కుర్చీ ముందుకి లాక్కుని మెల్లగా అందుకున్నాడు. "తాతారావు ఆవేళ చద్దన్నం కట్టించుకుని బయల్దేరాడు..." ఆగాడు. "పెళ్లాం దానమ్మ రేవు దాకా వచ్చింది..." ఆగాడు.

'ఓలమ్మ, మంచి వాటంగా సెప్తున్నాడే' అనుకుంది పోలమ్మ. కథ చెప్పేవాళ్లంటే ఆవిడకి గౌరవం. తనకి తెలియకుండానే ఆవిడ నోట్లోంచి ఊఁ జారింది.

పచ్చదీపం వెలిగింది.

పోలమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. నేనేమన్నాననీ? యుద్ధం మాటే రాలేదు కదా ఇంకా! అనుమానంగా "ఊఁ?" అంది. పచ్చ. కోపంగా, పిల్లల్ని అదిలించినట్టు "ఊఁ!" అంది. పచ్చ. టీవీలో చక్రధర్ ఆగిన ప్రతిచోటా, పక్కనున్న పలక మీద అవునన్న ఇళ్ల అంకె ఎగబాకుతోంది. ఆయన చూపు కూడా ఆ పలక మీదే ఉంది. ఎక్కడ ఆగితే ఎంత పెరుగుతుందో ఆ మాయదారి మనిషికి తెలిసిపోయింది.

"మరి ఆ అవతలి దేశం వాళ్లని వదిలేద్దామా, చంపేద్దామా?" అని చివర అడిగాడు.

"ఊఁ" అంది దానమ్మ. పళ్ల మధ్యనుంచి వచ్చింది అది. పోలమ్మ అటు తిరిగి చూసింది. అది మాత్రం కథ ఊఁ కాదు. నిజంగా చంపమనే ఊఁ.

నూటికి తొంభై ఒక్క తెలుగిళ్లు అవునన్నాయి. మిగతా భాషల ఇళ్లు సగం సగంగా తూగుతుంటే, తెలుగు ఇళ్లే త్రాసుని ఒక పక్కకి వంచేశాయి.

మర్నాడు పొద్దున్న ఎల్లాజీ వచ్చాడు. అరగంట సెలవు. తెల్లబట్టల్లో గుమ్మం నిండా ఉన్నాడు.

"యెల్లొస్తానమ్మా."

పోలమ్మ ఊఁ అనబోయి నోరు చేత్తో మూసుకుంది. తన నోరంటే తనకే భయం వేసింది. వాడి బుగ్గలు రెండూ నిమిరి పంపించేసి, చెప్పులేసుకుని నేరుగా రుషికొండ బస్సెక్కింది.

పరిశోధనశాలలో సుభాషిణి ముఖం మాడిపోయి ఉంది. తల్లిని చూడగానే విరుచుకుపడింది. "చూశావా నీ జనాన్ని! వంటిళ్లనడిగితే యుద్ధం వద్దంటారని నేను ఊరూరా తిరిగి చెప్పాను. తొంభై ఒకటి! నెత్తురు తాగే మనుషులమ్మా వీళ్లు. వీళ్ల కోసమా నేను తొమ్మిదేళ్లు పాడుచేసుకున్నది?"

"జనాన్ని తిట్టకే. ఆళ్లు ఇన్నారంతే."

"ఏంటి?"

"ఇన్నారు. ఆ టీవీవోడు కత సెప్పేడు, ఈళ్లు ఊఁ కొట్టేరు. ఒప్పుకున్నట్టని ఎవులు సెప్పేరు నీ డబ్బాకి?"

"ఊఁ అంటే అవునే కదమ్మా. నీ కథలు నేను కాలేజీలో ఉన్నప్పుడు టేపు చేశాను, గుర్తుందా? వాటిలో పదకొండు వేల ఊఁలు దొరికాయి. అంత తేటగా ఉన్నవి ఇంకెక్కడా దొరకవు. వాటితోనే నేర్పాను, అవునంటే ఎలా ఉంటుందో."

"ఏదీ, ఇనిపించు."

బల్ల మీది పెట్టెలోంచి పదహారేళ్ల కిందటి పోలమ్మ గొంతు వచ్చింది. వెనక అలలు. ఆవిడ ఆగినప్పుడల్లా చిన్న గొంతు ఒకటి, నిద్రలో తూగుతూ, కాస్త ముక్కుతో: ఊఁ... ఊఁ... ఊఁ...

పోలమ్మకి ఆ గొంతు పోల్చుకోవడానికి రెండో ఊఁ అక్కర్లేకపోయింది.

"ఇది మన ఎల్లిగాడిది."

సుభాషిణి పెట్టె ఆపేసింది.

"ఆరేళ్లుంటాయి ఆడికి. జలుబు సేసింది అప్పుడు. అందరికన్నా ఆఖర్న పడుకునీవోడు. నీ పదకొండు వేలల్లో సగం ఆడియే ఉంటాయి. ఆడి ఊఁ పట్టుకెళ్లి ఆణ్నే దిబ్బల కాడికి తోలేవే, సుబాసీ!"

సుభాషిణి కూడా ఆ అరుగు మీదే, ఆ అమ్మ పక్కనే ఊఁ కొట్టి పెరిగిన పిల్ల. తనకి తెలియాలి. తెలిసీ మర్చిపోయింది. యంత్రానికి ఒక శబ్దానికి ఒకే అర్థం ఉండాలి కనక, అవునని ఒకటే రాసిపెట్టింది.

ఇద్దరూ కలిసి పరిశోధనశాల అధిపతి పరాంకుశం దగ్గరికి వెళ్లారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"ఇప్పుడా చెప్పడం? నౌకలు కదిలాక? శత్రువుకి అమ్ముడుపోయామంటారు. బుధవారం రెండో లెక్క అయిపోనివ్వండి. తర్వాత తీరిగ్గా సరిచేసుకుందాం."

"తర్వాత కాల్పులండీ. నా తమ్ముడు..."

"అదే నేననేది. తమ్ముడి కోసం యంత్రాన్ని తప్పుపట్టిందంటారు. మీ గుర్తింపు కార్డు ఇలా ఇచ్చి ఇంటికి వెళ్లండి." పోలమ్మ వైపు తిరిగాడు. "మీరు చేపలు బాగుచేసుకునే మనిషి. ఇవి మీకు అర్థం కావు."

"సేప కుళ్లిందో లేదో కోసేముందే తెలుస్తాదయ్యా నాకు" అని లేచి వచ్చేసింది పోలమ్మ.

మంగళవారం 'తూర్పుకేక' వాళ్ల కారు జాలరివీధిలోకి వచ్చింది. నావికుడి తల్లి కావాలట. రెండో లెక్క రోజున స్టూడియోలో కూర్చుని, కన్నీళ్లు పెట్టుకుని, దేశం కోసం కొడుకుని ఇచ్చానని చెబితే చాలట.

"వెళ్లకమ్మా, నమిలేస్తారు నిన్ను" అంది సుభాషిణి.

"నమలనీ. ముల్లు గొంతులో పడతాది."

బుధవారం సాయంత్రం ఆరుగంటలకి పోలమ్మ ముతక జరీచీర కట్టుకుని ఆ వెలుతురులో కూర్చుంది. అటుపక్క పెద్ద మీసాలాయన ఒకడు బల్ల గుద్దుతున్నాడు. మొన్నటి మాష్టారిని ఈసారి పిలవనే లేదు. ఎదురుగా పలక, దాని మీద అంకె: యాభై ఎనిమిది.

చక్రధర్ గొంతులో తేనె పోసుకున్నాడు. "తల్లీ పోలమ్మా! నీ బిడ్డ నడిసంద్రంలో ఉన్నాడు. చిన్నప్పుడు ఎలా ఉండేవాడో మా ప్రేక్షకులకి చెప్పమ్మా."

"కత సెప్పందే పడుకునీవోడు కాదు బాబూ."

"ఏం కథ తల్లీ? వీరుల కథలేనా?"

"ఓ రాక్షసి కత." పోలమ్మ కాళ్లు పైకి మడుచుకుని, అరుగు మీద కూర్చున్నట్టు సర్దుకుంది. "ఓ ఊళ్లో అందరూ ఏటకెల్లీవోళ్లే బాబూ..."

ఆగింది.

చక్రధర్‌కి తెలియదు గానీ, ఆ ఒక్క ఆగడం యాభై ఏళ్ల సాధన. పలక మీద అంకె అరవై మూడు దాటింది.

"ఓ నాడు సముద్రంలోంచి రాక్షసి లేసింది. తల మీద నాచు, సంకలో తుపాను..."

డెబ్భై.

"ఊరోళ్లని పిలిసి అంది కదా: 'నా కడుపు కాలిపోతంది. ఇంటికో పిల్లోణ్ని నాకెయ్యండి...'"

ఎనభై రెండు.

"'ఎందుకంటే సెప్పను. ఎన్నాళ్లంటే సెప్పను. ఈ రోజే ఎయ్యండి...'"

మీసాలాయన కూడా నోరు తెరుచుకుని వింటున్నాడు. ఆయన గొంతులోంచి సన్నగా ఊఁ వినిపించింది.

"'లేతోణ్నే ఎయ్యండి. నమిలి మింగేస్తాను' అంది..."

తొంభై నాలుగు.

పోలమ్మ లేచి నిలబడింది. వేలు పలక వైపు పెట్టింది. "అదేటి బాబూ? నూటికి తొంభై నాలుగిళ్లు ఒప్పేసుకున్నాయా? రాక్షసికి ఇంటికో గుంటణ్ని ఇచ్చెయ్యమంటన్నాయా మన తెలుగోళ్లు?"

చక్రధర్ నవ్వబోయాడు. ముఖం సహకరించలేదు.

"ఊఁ అంటే ఇన్నామని! నువ్వు సెప్పిందీ ఇన్నారు, నాను సెప్పిందీ ఇన్నారు. ఇన్నందుకు ఓడలు పంపేస్తారా?"

"ఎవరు నేర్పారు నీకిది?" తేనె కారిపోయి అసలు గొంతు బయటపడింది. "మరబోటు మనుషుల ప్రాణాలు నీకు పరిహాసమా? ఎవరి తరఫున వచ్చావు నువ్వు?"

"ఇంటి తరపున."

"మైకు కట్ చెయ్యండి! ప్రకటనలు వెయ్యండి!"

టీవీల్లో ఒక్కసారిగా తలనూనె ప్రకటన మొదలైంది. ఆ తలనూనె పిల్ల జుట్టు విదిలిస్తుంటే, ఇళ్లలో మనుషులు తమ గోడల మీది పచ్చదీపాల కేసి చూస్తూ ఉండిపోయారట.

రెండో లెక్క ఆగిపోయింది. యంత్రానికి ఊఁలన్నీ కొత్తగా నేర్పి, పన్నెండు రోజుల తర్వాత మళ్లీ లెక్కపెడతామన్నారు. ఓడలు మాత్రం వెనక్కి రాలేదు. వెనక్కి పిలవాలన్నా లెక్క కావాలట. దిబ్బలకి ఇవతల మనవి, అవతల వాళ్లవి, తుపాకులు ఎదురెదురుగా పెట్టుకుని నిలబడ్డాయి.

జాలరివీధిలో పోలమ్మకి హారతులేమీ పట్టలేదు లెండి. 'తూర్పుకేక' ఆవిడకి ఊఁ ముసలమ్మ అని పేరు పెట్టి, రోజూ తిట్టించింది. ఎవరో తలుపు మీద ద్రోహి అని తారుతో రాశారు. దానమ్మ చేపలు కడిగిన నీళ్లు తెచ్చి గుమ్మంలో కుమ్మరించింది.

"నీ కొడుకుని దాసుకోడానికి నా మొగుడి సావుని కత సేసేసినావు, అత్తా."

"కాదే దానీ..."

"నాను అన్న ఊఁ మాటేటి? నాది నిజిం! నాది కూడా కొట్టేసినారు, నీ మూలంగా!"

దానమ్మది నిజమైన ఊఁ అని ఆ ఇంట్లో ఆ రోజే విన్నది తనే కదా. చీపురు తెచ్చుకుని గుమ్మం కడుక్కుంది.

అన్నిటికంటే ఆవిడని కుంగదీసింది ఇంకొకటి. ఎండుచేపల దగ్గర కథ మొదలుపెడితే పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఊఁ కొట్టలేదు. ఎవరు ఏం లెక్కేసుకుంటారోనని తల్లులు నోరు మెదపొద్దన్నారట. పెదాలు బిగించుకుని, గుడ్లప్పగించి చూశారు. ఎవరు వింటున్నారో, ఎవరు తూగుతున్నారో పోలమ్మకి అంతుపట్టలేదు. సగంలో ఆపేసింది.

ఉద్యోగం పోయిన సుభాషిణి పుట్టింట్లోనే ఉండి, నోటుపుస్తకంలో ఊఁలన్నీ వేర్వేరుగా రాసుకునేది. "దీన్నేమంటారమ్మా? మరి దీన్ని?" అని అడుగుతుంటే పోలమ్మ విసుక్కునేది. "పుస్తకంలో ఇమిడితే నాను నీకు సెప్పనా ముందే?"

ఆరో రోజు పొద్దున్న పదిగంటలకి ఫోన్ మోగింది.

"అమ్మా, నాను. రెండే నిమిషాలు ఇచ్చేరు."

పోలమ్మ ఫోన్ రెండు చేతులా పట్టుకుంది. "తింటన్నావా?"

"ఊఁ." తినడం లేదన్నమాట. పోలమ్మకి తెలిసిపోయింది.

"బయమేస్తందా?"

"ఊహూఁ." ఇదీ అబద్ధమే.

"మల్లీ లెక్కెడతన్నారు నాయినా. ఈసారి సరిగ్గా ఇంటారు. అందరూ తిరిగొచ్చేస్తారు. నువ్వు కూడా వచ్చేస్తావు కదా?"

అవతల గాలి చప్పుడు. ఇనుము మీద ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు.

"ఊఁ" అన్నాడు ఎల్లాజీ.

పోలమ్మ ఆ ఊఁని చెవిలో పట్టుకుని ఇటు తిప్పింది, అటు తిప్పింది. మాటిచ్చే ఊఁ అయితే బాగుండును. ధైర్యం చెప్పే ఊఁ అయినా సరిపోయేది. కాదు. అది కథ వినే ఊఁ. మెలకువగానే ఉన్నాను, నువ్వు చెప్పు. అంతే.

"అమ్మా, టీవీలో రాక్షసి కత సగంలో ఆపేసేరంట కదా. ఆఖరికి ఏటవుతాదో మరిసిపోయేను. సెప్పవూ?"

పోలమ్మ గుమ్మంలోనే కూర్చుంది. తారుతో రాసిన తలుపుకి వీపు ఆనించుకుంది.

"ఊరి సివర ఓ ముసల్ది ఉండీది నాయినా..."

"ఊఁ."

"అది రాక్షసికి ఎదురెల్లి, 'నా గుంటణ్ని నానియ్యను, నీ నోట్లో సెయ్యెట్టి ఊరందరి గుంటల్నీ బయటికి లాగుతాను' అంది..."

"ఊఁ."

"రాక్షసి నోరు తెరిసింది..."

ఊఁ రాలేదు.

రెండు నిమిషాలూ అయిపోయి ఉండొచ్చు. గాలికి లైను పోయి ఉండొచ్చు. సుభాషిణి వెనకనుంచి వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. ఊఁ ఆగగానే కథ ఆపేయడం పోలమ్మకి యాభై ఏళ్ల అలవాటు.

ఆ రోజు ఆపలేదు. ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని, ముసల్ది రాక్షసి గొంతులోకి చెయ్యి పెట్టి ఒక్కొక్క గుంటణ్నీ పేరు పెట్టి పిలిచి బయటికి లాగడం, తాతారావుతో సహా, అందరూ ఒడ్డెక్కి తడిబట్టలు పిండుకోవడం, అంతా చెప్పింది. ప్రతి వాక్యం చివరా ఆగింది. ఆగిన ప్రతిసారీ ఊఁ కోసం విన్నది.